క్యాండీ మన ఇంటిదే వదినా

ఏంది వదినా, పొద్దున్నే మనవడి ఏడుపు? క్యాండీ కొనిపెట్టమనా? ఇటు పంపు, మా ఇంట్లో కలకండ ఉంది. ఊరికే అనట్లేదు, రెండింటి పుట్టుకా ఒక్కటే.

కలకండలో ‘కండ’ ఉంది చూడు. సంస్కృతంలో ఖండమంటే ముక్క. గడ్డకట్టిన చక్కెర ముక్కకు ఆ పేరొచ్చింది. పారశీకుల దగ్గర అది ‘కంద్’ అయింది. అక్కణ్ణించి అరబ్బులకూ, ఫ్రెంచివాళ్లకూ చేరి ఇంగ్లీషులో క్యాండీగా స్థిరపడింది. చెరకు పండించే నేల మీది మాట, అన్ని దేశాలు తిరిగి, రంగు కాగితంలో మన వీధి కొట్టుకే వచ్చింది. నాకెంత ముచ్చటేసిందో తెలిసినప్పుడు!

నిన్న అన్నయ్య గుంటూరు నుంచి వచ్చి ‘క్యాండీ పెరిగిందంట’ అన్నాడే, అది మాత్రం వేరు. అది దూది తూకం. మరాఠీవాళ్ల ఖండీ, తమిళుల కండి. కుంఫిణీ దొరలు తమ లెక్కల్లో దాన్నీ క్యాండీ అనే రాసుకున్నారు. ఊరికో లెక్క ఉండేది. మద్రాసు క్యాండీ 20 మణుగులు, అంటే 500 పౌన్లు. మన తాతలు బారువ అన్నది దాన్నే. పత్తికి మాత్రం బొంబాయి వర్తకుల 784 పౌన్ల క్యాండీయే నిలబడిపోయింది. 1958లో కిలోలు రావడం మొదలై వీశెలూ మణుగులూ పోయినా, మిల్లుల్లో ఇది పోలేదు. కిలోల్లో 355.62. నోటి లెక్కకు 356 అనుకుంటారు.

నేనెందుకింత చెబుతున్నానంటే, మనం అమ్మేది క్వింటాల్లెక్కన గింజతో ఉన్న పత్తి. మిల్లువాళ్లు అమ్మేది క్యాండీల్లెక్కన దూది. ఆ రెండో లెక్క తెలియకపోతే మనకిచ్చిన ధర న్యాయమైనదో కాదో ఎట్టా తేలుతుంది?

దూది క్యాండీ 54,000 అనుకో. 356తో భాగిస్తే కిలో దాదాపు 152 రూపాయలు. క్వింటా పత్తిలో 34 కిలోల దూది వస్తే, ఒక్క దూదే 5,150 పైన పలికినట్టు. గింజలు ఇంకా ఉన్నాయి, వాటితో నూనే, చెక్కా వస్తాయి. దూది ధరా గింజల ధరా కలిపి, ఆడించే ఖర్చూ తరుగూ తీసెయ్యి. మిగిలిందాన్ని మనకిచ్చిన ధర పక్కన పెట్టి చూడు. తేమ ఎక్కువుంటే కోత వేస్తారనుకో, ఆరబెట్టుకోవడం మన చేతిలో పని. ఒక క్యాండీ దూదికి పది క్వింటాళ్ల పైచిలుకు పత్తి కావాలి వదినా! ఎన్ని రోజులు నడుములు వంచి తీస్తే అంతవుతుంది!

అన్నయ్య లేచాక పత్తి అమ్మిన తూకం చీటీ ఒకసారి గోడ మీంచి అందించు, కూర్చుని లెక్కేద్దాం. ఇదుగో, ముందు పిల్లాడికి కలకండ అందుకో.