నేను కొన్న గాలం కర్ర

ఈసారి గోడపత్రికకు "సెలవులలో నేను" అనే విషయం మీద రాయమని తెలుగు మాస్టారు చెప్పారు. చాలామంది తిరునాళ్ళ గురించీ సినిమాల గురించీ రాస్తున్నారు. నేను గాలం కర్ర గురించి రాస్తున్నాను. కొత్తగా గాలం కొనాలనుకునేవాడికి ఇది పనికొస్తుంది. ఇందులో దుప్పటి సంగతి కూడా వస్తుంది. వార్డెన్ గారు చదువుతారని తెలిసే రాస్తున్నాను.

మాది మారేడుమిల్లి అవతల కొండ మీద ఊరు. మేము కొండరెడ్లం. పోడు మీద ఏడాదంతా గడవదు గనుక అమ్మానాన్నలు రెండేళ్ళ క్రితం కోనసీమకు దిగారు. కొత్తపేట దగ్గర ఒక చేపల చెరువు మీద నాన్న కాపలా ఉంటాడు. చెరువులో బొచ్చెలు, శీలావతులు పెంచుతారు. గట్టుకు ఒక పక్క చెరువు, రెండో పక్క పంట కాలువ. గట్టు మీద రేకుల షెడ్డు, అదే మా ఇల్లు. కాలువకు నీళ్ళు ధవళేశ్వరం నుంచి వస్తాయి. అక్కడ కాటన్ దొర 1852 నాటికి ఆనకట్ట పూర్తి చేయించాడని సాంఘిక శాస్త్రంలో చదివాం కదా, ఇప్పుడు దాని చోట బ్యారేజీ ఉంది. శబరి నది కూనవరం దగ్గర గోదావరిలో కలుస్తుంది గనుక మన కొండల నీళ్ళు కూడా ఈ కాలువలో ఉన్నట్టే అని నాన్నకి చెప్పాను. నాన్న నవ్వి, "నీళ్ళు ముందొచ్చేసినయ్, మనం ఎనకొచ్చాం" అన్నాడు.

దసరా సెలవులకు వెళ్ళేసరికి కాలువ నిండుగా ఉంది. వంతెన మీద పిల్లలు కర్రలతో గాలాలు వేస్తున్నారు. వాళ్ళలో ఒకడు హైదరాబాదు నుంచి అమ్మమ్మ గారింటికి వచ్చినవాడు. వాడి చేతిలో నల్లగా మెరిసే కర్ర, దానికి రీలు. వాడు విసిరితే గాలం ఎక్కడో పోయి పడేది. పిడి తిప్పుతుంటే టకటకమని చప్పుడు చేస్తూ దారం వెనక్కి వచ్చేది. వాడికి చేప ఒక్కటి కూడా పడలేదు. ఆ సంగతి నాకు ఇప్పుడు గుర్తొస్తోంది గాని, అప్పుడు నేను చూసింది చేపల్ని కాదు.

హాస్టల్లో చలికి తట్టుకోవడానికి మందపాటి దుప్పటీ, పెట్టెకి తాళం కొనుక్కోమని అమ్మ పదిహేను వందలు ఇచ్చింది. కొబ్బరి పీచు పనికి వెళ్ళి కూడబెట్టిన డబ్బు అది. నేను అమలాపురం వెళ్ళి, వలలూ తాళ్ళూ బెండ్లూ అమ్మే ఒక కొట్టులోకి దూరాను. "ఆయ్, రండి బాబూ" అన్నాడు కొట్టాయన. ఎక్కడ వేస్తావు, ఏ చేపకు వేస్తావు అని ఆయన అడగలేదు. నేనూ చెప్పలేదు. అన్నిటికన్నా పొడుగ్గా, బాగా మెరిసేదాన్ని చూపించి ఎంతండీ అన్నాను. "పన్నెండు వందల యాభై అండి. సముద్రం మీదికెళ్ళేవోళ్ళు కూడా ఇదే పట్టుకెళ్తారండి" అన్నాడు. సముద్రం మాట వినగానే ఇంకేమీ ఆలోచించలేదు.

ఇక్కడే నా తప్పు. అది పన్నెండడుగుల కర్ర. ఒకదాంట్లోంచి ఒకటి బయటికొచ్చే రకం. చివర కూడా లావుగా, బిర్రుగా ఉంటుంది. రీలు కొబ్బరి బొండమంత కనిపించేది. దారం అర మిల్లీమీటరు మందం. మా కాలువలో పడేవి పరిగెలు, జెల్లలు, గొరకలు. పరిగె ఎర కొరికితే ఆ కదలిక దారం మీదుగా కర్ర చివరికి వచ్చి, చివర వంగాలి. అప్పుడే మన చేతికి తెలుస్తుంది. బిర్రు కర్ర వంగదు. ఎర తినేసి చేప పోయాక కూడా నేను పహరా కాస్తూ నిలబడేవాణ్ణి.

విసరడం ఇంకో కథ. రీలుకు ఒక తీగ వంకీ ఉంటుంది. దాన్ని పైకెత్తి, దారాన్ని వేలితో పట్టుకుని, కర్ర ముందుకొచ్చే సమయానికి వేలు వదలాలి. ముందు వదిలితే గాలం నెత్తి మీదికి లేస్తుంది. ఆలస్యమైతే కాళ్ళ దగ్గర పడుతుంది. మా కాలువ వెడల్పు అంతా కలిపి నలభై అడుగులు ఉండదేమో. నా మొదటి విసురుకే గాలం కాలువ దాటిపోయి అవతలి గట్టున కొబ్బరి మట్టకు తగులుకుంది. రెండోసారి గుర్రపుడెక్కలో చిక్కింది. మూడోసారి దారమంతా రీలు మీదే ఉండలు కట్టింది. వంతెన మీది పిల్లలు నవ్వారు. వాళ్ళ గాలాలు గుర్రపుడెక్కల సందుల్లో నిలువుగా దిగుతున్నాయి. వారం రోజుల్లో నాకు పడింది ఒక్క ఎండ్రకాయ. అదీ ఎర పట్టుకుని గట్టుదాకా వచ్చి వదిలేసింది!

సెలవులయ్యాయి. కర్రను షెడ్డులో వలల వెనక పెట్టి వచ్చేశాను. దుప్పటి కొన్నావా అని అమ్మ అడిగితే హాస్టలు దగ్గర కొంటానన్నాను.

నవంబరులో చలి ఎంత ఉందో మీ అందరికీ తెలుసు. నీ కొత్త దుప్పటి ఏదిరా అని వార్డెన్ గారు అడిగారు, అమ్మ ఫోనులో ఆయనతో చెప్పి ఉంచింది కాబట్టి. ఎవరో తీశారండి అన్నాను. ఆ రాత్రి డార్మిటరీలో పెట్టెలన్నీ తెరిపించారు. ఏడో తరగతి తమ్ముడొకడి పెట్టెలో కొత్త దుప్పటి కనబడింది. వాళ్ళక్క కొనిచ్చిందట. వాడు మాట రాక ఏడుస్తూ నిలబడ్డాడు. ఇది నాది కాదండి అని నేను చెప్పాను. అసలు నాకు దుప్పటే లేదని మాత్రం చెప్పలేదు. కొన్నాళ్ళు వాణ్ణి ఏమని పిలిచారో మీకు గుర్తుండే ఉంటుంది.

సంక్రాంతికి మళ్ళీ కొత్తపేట వెళ్ళాను. భోగికి ముందు చెరువు పట్టుబడి జరిగింది. తూకం ఆసామి అనుకున్నదానికన్నా తగ్గింది. ఆసామి షెడ్డులోకి వచ్చి చూస్తే వలల వెనక నా రీలు కర్ర కనబడింది. "ఇదేంటయ్యా? గట్టు మీద కూర్చుని చెరువు మధ్యలోకి విసరొచ్చు దీంతో" అన్నాడు. ఆ మాట నిజమే. అది వంద అడుగులు పోతుంది. కాలువకు పనికిరాని ఆ కర్ర చెరువులో దొంగతనానికి సరిగ్గా సరిపోతుంది. మా అబ్బాయిదండి, కాలువలో వేసుకుంటాడండి అన్నాడు నాన్న. ఆసామి పెట్టె తియ్యమన్నాడు. చేపలమ్మిన డబ్బు ఉంటుందని కాబోలు. నాన్న తీశాడు. రెండు చొక్కాలు, అమ్మ పెళ్ళి చీర, రేషను కార్డు, నా ఆరో తరగతి ప్రోగ్రెసు కార్డు. ఒక్కొక్కటే చాప మీద పెడుతున్నాడు. నాకు ఆ తమ్ముడు గుర్తొచ్చాడు.

ఆసామి వెళ్ళిపోయాక నాన్న నన్ను కొడతాడనుకున్నాను. కొట్టలేదు. "ఎంతయ్యింది?" అన్నాడు. చెప్పాను. కాసేపాగి "దుప్పటేది?" అన్నాడు. అదీ చెప్పాను, తమ్ముడి సంగతితో సహా. నాన్న ఏమీ మాట్లాడకుండా చేపలకు మేత కలపడానికి లేచాడు.

కనుమ రోజున జగ్గన్నతోటలో ప్రభల తీర్థం కదా, అది చూడ్డానికి మా తాత వచ్చాడు. వస్తూ వస్తూ అమ్మ గట్టు మీద వేసిన ఆనప పాదు పందిరికని సన్న వెదురు కర్రల కట్ట ఒకటి బస్సు మీద వేసుకొచ్చాడు. తీర్థంలో అందరూ ప్రభలకు కట్టిన రంగు గుడ్డలు చూస్తుంటే తాత లోపలి వెదురు చట్రం చూశాడు. ఎక్కడి వెదురో, ఏ వయసులో కొట్టారో అని గొణుక్కుంటూనే ఉన్నాడు. వరి చేల మధ్యనుంచి అంత పెద్ద ప్రభల్ని భుజాల మీద మోసుకొస్తుంటే ఆయనకి భయమంతా కట్లు ఊడతాయేమోనని.

మర్నాడు నా రీలు కర్ర చేతిలోకి తీసుకుని అటూ ఇటూ ఊపి, "దీనికి నడుం లేదురా అబ్బీ" అన్నాడు. తన కట్టలోంచి ఒక కర్ర ఏరడం మొదలుపెట్టాడు. అదెలా ఏరాడో రాస్తాను, ఎందుకంటే కొట్టులో కొనేవాడు కూడా ఇలాగే చూడాలి.

మొదటిది వయసు. ఆ ఏడు మొలిచిన వెదురు మెత్తన, నీరెక్కువ, ఎండితే ముడుచుకుపోతుంది. మూడేళ్ళదైతే గట్టిపడుతుంది. వానలు పోయి చలి పడ్డాక కొట్టాలి, అప్పుడు పురుగు తక్కువ పడుతుంది. కొట్టినదాన్ని తాత ఎండలో పడెయ్యడు, పొయ్యి మీద అటకలో పొగకు పెడతాడు. కర్ర మీద సన్న చిల్లులూ, కిందికి రాలే పిండీ ఉంటే లోపల పురుగున్నట్టే. తరువాత కణుపులు. కోనసీమ గట్ల మీద పెరిగే లావు బొంగు వెదురు కణుపు కణుపుకీ దూరంగా, లోపల డొల్లగా ఉంటుంది. మా కొండ మీది సాధన వెదురు సన్నగా, దాదాపు గట్టి కర్రలాగే ఉంటుంది. ఆ తరువాత వంపు. మొదలు చేత్తో పట్టుకుని చివర నేలకానించి నొక్కాలి. చివరి మూడోవంతు బాగా వంగాలి, మొదలు కదలకూడదు, వదలగానే తిన్నగా రావాలి. తాత ఏడు కర్రలు నొక్కి ఎనిమిదోది ఉంచాడు.

ఈ సంగతి మన ఫిజిక్సు సారుకి చెబితే ఆయన ఇంకో విషయం చెప్పారు. 1840 దశకంలో అమెరికాలో వెదురును బద్దలుగా చీల్చి, అతికించి గాలం కర్రలు చేయడం మొదలుపెట్టారట. దానికి వాళ్ళు మొదట వాడింది మన దేశం నుంచి ఓడల్లో పోయిన వెదురే. కలకత్తా కేను అనేవారట. తరువాత చైనా వెదురుకు మారారు. రెండో ప్రపంచ యుద్ధం తరువాత ఫైబరుగ్లాసు కర్రలు, 1970ల్లో కార్బను కర్రలు వచ్చాయి. తాత వింటే ఏమంటాడో!

నా కర్ర తొమ్మిదడుగులు. దారం పావు మిల్లీమీటరుది. దారాన్ని చివర ఒక్కచోటే కట్టకూడదు. కింది కణుపు దగ్గర ముడి వేసి, కర్రకు చుట్టుకుంటూ పైకి తెచ్చి చివర మళ్ళీ ముడి వెయ్యాలి. కొన విరిగినా చేప పోదు. వేలాడే దారం కర్ర పొడుగుకన్నా జానెడు తక్కువ ఉంటే, కర్ర ఎత్తగానే గాలం చేతికి వస్తుంది. జీలుగు బెండు ముక్క ఒకటి, మినప గింజంత సీసం ఒకటి. గాలానికి నంబరు పెరిగేకొద్దీ సైజు చిన్నదవుతుంది, మన ర్యాంకుల్లాగే. పరిగెకు, గొరకకు ఎనిమిదో పదో నంబరు చాలు. కొబ్బరి చెట్టు మొదట్లో తడి డొక్కల కింద తవ్వితే ఎర్రలు బోలెడు.

దాళ్వాకు నీళ్ళు వదిలారు గనుక కాలువ పారుతోంది. గుర్రపుడెక్క సందులో బెండు నిలబెట్టాను. బెండు రెండుసార్లు వణికి పక్కకు జరిగి మునిగింది. కర్ర చివర వంగింది, నా మణికట్టుకు తెలిసింది! జెల్ల. దాని ముల్లు గుచ్చుకుంటే సాయంత్రం దాకా సలుపుతుంది గనుక తాత గుడ్డతో పట్టుకుని తీశాడు. ఆ పూట మూడు జెల్లలు, ఒక గొరక, లెక్కలేనన్ని చిన్న పరిగెలు. పరిగెల్ని తిరిగి వదిలేశాం.

సాయంత్రం ఆసామి గట్టు మీదుగా వచ్చాడు. నేను కాలువ వైపు తిరిగి కూర్చుని ఉన్నాను. ఆయన నా కర్ర చూశాడు, దారం ఎంతుందో చూశాడు, వెనక చెరువు చూశాడు. "ఏం పడ్డాయి?" అన్నాడు. జెల్లలండి అన్నాను. ఊఁ అని వెళ్ళిపోయాడు.

రీలు కర్ర చెడ్డదని నేను అనడం లేదు. రిజర్వాయరులాంటి వెడల్పు నీళ్ళుంటే, వెయ్యడానికి మనకు హక్కుంటే, అది కావలసిందే. అప్పుడు కొత్తవాడు ఆరేడడుగుల కర్ర, మెత్తటి చివర, గుప్పిట్లో ఇమిడే రీలు అడగాలి. దారం జారే రింగుల్లో దూది తిప్పి చూడండి. దూది పోగు పట్టుకుంటే అక్కడ గరుకు ఉన్నట్టు, అది దారాన్ని కోస్తుంది. రీలు పిడి తిప్పితే ఊగకూడదు. బిగించే మర సగం వదులు చేసి దారం లాగితే కుదుపు లేకుండా రావాలి. పిడి ఏ చేతి వైపైనా మార్చుకోవచ్చు, ఎడమచేతివాటం వాళ్ళు అడగండి. మెరుపు చివర చూడండి.

మన తొమ్మిదో తరగతిలో ఒకడిది భూపతిపాలెం రిజర్వాయరు దగ్గర ఊరు. నా రీలు వాడు కొంటానన్నాడు, ఆరు వందలకి. కర్ర మాత్రం వద్దన్నాడు. అక్కడ చేపల సొసైటీ వాళ్ళనడిగి గాని వెయ్యనని వాడి చేత ఒప్పించుకున్నాను. ఆ డబ్బు వచ్చాక దుప్పటి కొంటాను.

ఈ కాగితం సోమవారం ప్రార్థన అయ్యాక గోడకు అంటిస్తారు. ఆ తమ్ముడి దగ్గరికి ఆదివారమే వెళ్ళాలి.