లేమి వండిన రుచులు

వియత్నాం అంటే మా నాన్నకు యుద్ధం. ఆయన చదువుకునే రోజుల్లో పత్రిక తెరిస్తే చాలు, హనోయ్ మీద బాంబుల వార్తే. సైగాన్ పడిపోయిన 1975 ఏప్రిల్ 30 ఆయనకు ఇప్పటికీ నోటికి వచ్చు. మా పిల్లలకేమో వియత్నాం అంటే ఫోన్లో కనిపించే నూడుల్స్ గిన్నె. ఈ మధ్య మూడు తరాలవాళ్లమూ కలిసి పదిరోజులు ఆ దేశం తిరిగివచ్చాం. సోషల్ మాస్టారుగా రిటైరైన నాన్న, ఏ వంటకం ముందుకొచ్చినా ‘ఇదెలా పుట్టింది?’ అని అడగనిదే చెంచా ముట్టుకోలేదు. పిల్లలు మొదట్లో విసుక్కున్నారు. నాలుగోరోజు నుంచీ ఆ ప్రశ్న వాళ్లే అడగడం మొదలుపెట్టారు. జవాబులన్నీ విన్నాక నాకు అర్థమైంది ఒక్కటే... ఆ దేశానికి పేరు తెచ్చిన వంటకాల్లో చాలామటుకు కలిమిలో పుట్టినవి కావు.

పైలట్ లేని ఫో!

ముందుగా చెప్పుకోవాల్సింది ‘ఫో’ గురించి. బియ్యప్పిండితో చేసిన పలచని నూడుల్స్, పైన మాంసం ముక్కలు, ఉల్లికాడలు. దానిమీద గంటల తరబడి మరిగిన ఎముకల రసం పోస్తారు. దాల్చినచెక్క, అనాసపువ్వు, కాల్చిన అల్లం కలిసిన ఆ వాసన వీధి చివరిదాకా వస్తుంది. హనోయ్ వాసులకు అది మన ఇడ్లీలాగా పొద్దుటి ఫలహారం.

ఇంత పేరున్న ఫో మరీ పాతకాలం వంటేమీ కాదు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో హనోయ్, నామ్ దిన్ ప్రాంతాల్లో పుట్టింది. అక్కడి రైతుకు పశువంటే దుక్కి దున్నేదే తప్ప తినేది కాదు. ఫ్రెంచివాళ్ల పాలన వచ్చాక గొడ్డుమాంసం వాడకం పెరిగింది. మంచి మాంసం దొరల బల్లమీదికి వెళ్లిపోతే ఎముకలు చవగ్గా మిగిలేవి. వాటిని మరిగించి, చైనావాళ్ల నూడుల్స్ పద్ధతి జోడించి, కావడిలో మోసుకుంటూ వీధుల్లో అమ్మేవారు. గొడ్డుమాంసం తినని మాలాంటివాళ్లకు కోడిమాంసంతో చేసే ‘ఫో గా’ ఉంటుంది. మేం తిన్నది అదే.

అమెరికాతో యుద్ధం జరిగే రోజుల్లో ఉత్తర వియత్నాంలో మాంసానికి కటకట. ప్రభుత్వ హోటళ్లలో నూడుల్స్, రసం తప్ప ముక్క కనిపించేది కాదు. జనం దానికి ‘పైలట్ లేని ఫో’ అని పేరు పెట్టారట. అమెరికా అప్పట్లో పైలట్ లేని నిఘా విమానాలను ఆ ఆకాశంలోకి పంపేది మరి! మా గైడు ఈ సంగతి చెప్పగానే నాన్న పెద్దగా నవ్వారు. ఆ తర్వాత చాలాసేపు మాట్లాడలేదు. ‘ఆ విమానాల గురించి రోజూ చదివేవాణ్ని. కింద ఉన్నవాళ్లు ఏం తింటున్నారో మాత్రం ఎప్పుడూ చదవలేదు’ అన్నారు చివరికి.

యానాం గుర్తొచ్చింది

మాది కోనసీమ. గోదావరి దాటితే యానాం. అక్కడా ఫ్రెంచివాళ్లే ఏలారు. 1954 మే 7న వాళ్లు దియన్ బియన్ ఫూలో ఓడిపోయారు. ఆ మరుసటి నెలలోనే యానాం వాళ్ల చేతుల్లోంచి బయటపడింది. ‘అటూ ఇటూ ఒకేసారి మూటాముల్లె సర్దుకున్నారన్నమాట’ అన్నారు నాన్న.

అయితే వియత్నాంకు వచ్చిన స్వేచ్ఛ వెంట విభజన కూడా వచ్చింది. దేశం ఉత్తర, దక్షిణాలుగా చీలడంతో లక్షలమంది ఉత్తరాదివాళ్లు ఇల్లూవాకిలీ వదిలి దక్షిణానికి వలస వెళ్లారు. వాళ్లతోపాటే ఫో కూడా సైగాన్ చేరింది. పచ్చి కూరాకులకు కొదవలేని ఆ దక్షిణాదిలో దాని పక్కన మొలకలు, తులసిలాంటి ఆకులు, నిమ్మముక్కలు, తియ్యటి సాస్ చేరాయి. హనోయ్‌లో తిన్న గిన్నెకూ సైగాన్‌లో (ఇప్పుడు హో చి మిన్ సిటీ అంటున్నారు) తిన్న గిన్నెకూ తేడా పిల్లలు కూడా ఇట్టే పట్టేశారు.

‘బాన్ మీ’ కథా అలాంటిదే. పొడవాటి ఫ్రెంచి రొట్టెను తెచ్చింది దొరలు. అందులోకి వెన్న, ఖరీదైన మాంసాలు పెట్టుకునేదీ వాళ్లే. గోధుమ పండని దేశంలో మామూలువాళ్లకు అది అందని పండు. 1950ల్లో సైగాన్ వీధి వ్యాపారులు ఆ రొట్టెను నిలువునా చీల్చి, కొంచెం మాంసం, ఊరబెట్టిన క్యారెట్, ముల్లంగి, కొత్తిమీర, పచ్చిమిరప కూరి, నిలబడి తినే వంటకం చేసేశారు. లోపల కోడిగుడ్డు అట్టు పెట్టేదీ ఉంటుంది. దొరల రొట్టె కూలీ చేతిలోకి వచ్చింది. 2011లో ‘బాన్ మీ’ అన్న మాట ఆక్స్‌ఫర్డ్ నిఘంటువులోకీ ఎక్కింది!

అదే రొట్టెను సైగాన్‌లో కొబ్బరిపాలు, చిలగడదుంప వేసిన కోడికూరలో ముంచుకుని తింటారు. దాని పేరు ‘కా రీ’. అవును, మన కర్రీయే. ఫ్రెంచివాళ్ల కాలంలో పుదుచ్చేరి నుంచీ తమిళనాడు నుంచీ వెళ్లిన ఉద్యోగులూ చెట్టియార్లూ ఆ నగరంలో ఉండేవారు. వాళ్లు కట్టుకున్న మారియమ్మన్ గుడిని ఇప్పుడు వియత్నామీయులూ కొలుస్తారు. అమ్మ అక్కడ కొబ్బరికాయ కొట్టాలనుకుంది కానీ, అగరొత్తులతోనే సరిపెట్టుకుంది.

పాలు దొరక్క... గుడ్డు

హనోయ్ వెళ్లినవాళ్లు గుడ్డు కాఫీ తాగకుండా రారు. 1946లో పాలకు కరువొస్తే, మెట్రోపోల్ హోటల్లో పనిచేసే గుయెన్ వాన్ జాంగ్ అనే ఆయన పాల నురగ బదులు గుడ్డులోని పచ్చసొనను గిలక్కొట్టి కాఫీ మీద వేశారట. తర్వాత సొంతంగా కొట్టు పెట్టుకున్నారు. ఆయన పేరుతో ఆ కొట్టు ఇప్పటికీ నడుస్తోంది. నీచు వాసన వస్తుందేమోనని భయపడ్డాను. తాగితే, చిక్కటి మీగడ తిన్నట్టే ఉంది.

అమ్మ మాంసం ముట్టదు. అలాంటివాళ్లు అక్కడ ఒక మాట నేర్చుకోవాలి... ‘చై’. అది టీ కాదు, శాకాహారం. చాంద్రమాన నెలలో ఒకటో తేదీ, పదిహేనో తేదీ చాలామంది బౌద్ధులు మాంసం మానేస్తారు కాబట్టి ఆ బోర్డున్న హోటళ్లు చాలానే ఉంటాయి. ఆ మాట చెప్పకపోతే కాయగూరల వేపుడులోనూ ‘నుక్ మామ్’ పడిపోతుంది. చిన్నచేపలనూ ఉప్పునూ నెలల తరబడి పీపాల్లో ఊరవేసి దించే ద్రవం అది. మనకు చింతపండులా వాళ్లకు అది లేనిదే వంట లేదు.

అమ్మకు బాగా నచ్చింది ‘బాన్ చుంగ్’. జిగురు బియ్యం మధ్యలో పెసరపప్పు పెట్టి, ఆకులో చతురస్రంగా చుట్టి, వెదురు నారతో కట్టి, పది పన్నెండు గంటలు ఉడకబెడతారు. వాళ్ల కొత్త సంవత్సరం ‘తెత్’ పండుగకు ఇది ఉండాల్సిందే. మామూలుగా లోపల పందిమాంసం పెడతారు. అమ్మ కోసం గైడు ‘చై’ రకం తెప్పించింది. ‘మన పనసాకు పొట్టిక్కలకు చెల్లెలు’ అని తేల్చేసింది అమ్మ.

దానికో కథ ఉంది. పూర్వం హుంగ్ రాజు, పెద్దలకు నైవేద్యంగా మేలైన వంటకం తెచ్చినవారికే సింహాసనం అన్నాడట. రాకుమారులంతా అరుదైన మాంసాల కోసం అడవులకూ సముద్రాలకూ పరుగెత్తారు. లాంగ్ లియూ అనే పేద రాకుమారుడి దగ్గర బియ్యం తప్ప ఏమీ లేవు. ఆ బియ్యంతోనే భూమికి గుర్తుగా చదరంగా ఒకటి, ఆకాశానికి గుర్తుగా గుండ్రంగా ఒకటి చేసి తెచ్చాడు. రాజ్యం అతనికే దక్కింది.

ఆ కథ చెప్పిన గైడుకు ముప్పై ఏళ్లుంటాయేమో. 1945 కరువులో ఉత్తరాదిన లక్షలమంది ఆకలితో చనిపోయారనీ, ఆ రోజులు చూసిన వాళ్ల నాయనమ్మ కడదాకా గిన్నెలో మెతుకు మిగలనిచ్చేది కాదనీ చెప్పింది. నేనేమీ అనకుండానే మా చిన్నాడు తన గిన్నె ఖాళీ చేశాడు.

అక్కడ ఒకరినొకరు ‘అన్నం తిన్నావా?’ అని పలకరించుకుంటారు. మన ఊళ్లలోనూ అంతేగా! ఆకలి ఎరిగినవాళ్లు మరో మనిషిని చూసి ముందు అడిగే మాట అదేనంటారు నాన్న. ఇప్పుడాయన వియత్నాం గురించి చెప్పాల్సివస్తే ఏప్రిల్ 30తో మొదలుపెట్టడం లేదు. ఎముకల రసం అమ్ముకుంటూ కావడితో తిరిగిన మనిషితో మొదలుపెడుతున్నారు.