మెట్టెలు తీయనిస్తారా?

మా పెద్దదోర్నాలలో పాము కొత్త చుట్టమేం కాదు. ఊరు దాటి శ్రీశైలం రోడ్డెక్కితే అంతా నల్లమలే. వానాకాలం వచ్చిందంటే కట్టెల మోపులోనో, గడ్డివాము కిందనో ఒకటి కనబడనే కనబడుతుంది. కరిస్తే మాత్రం ఇంటికో వైద్యం! ఒకరు తాడు బిగించమంటారు, ఒకరు బ్లేడుతో గాటు పెట్టమంటారు, మరొకరు పసరు నూరుతూ కూర్చుంటారు. డాక్టర్లు మూడూ వద్దంటారు. తాడు బిగిస్తే ఆగేది విషం కాదు, కాలికి పోయే రక్తం.

ఒక ఏడు మా పక్కింటి వదిన దొడ్లో కట్టెలు తీస్తుంటే రక్తపింజరి పాదం మీద కరిచింది. వాళ్ళత్తగారు చీరకొంగు చించి కట్టబోతే వద్దన్నాను. సరేనంది. "మెట్టెలూ పట్టీలూ తీసెయ్ వదినా" అనేసరికి మాత్రం ఆవిడ ఉగ్రరూపం దాల్చింది.

"శుక్రవారం పూట ముత్తైదువ కాలి మెట్టెలు తీయమంటావా? నోరెట్లా వచ్చిందమ్మీ!"

ఆవిణ్ణి ఏమనగలం? మనకవి ఉత్త నగలా? కానీ పింజరి కాటుకు కాలు బూరెలా పొంగుతుంది. అప్పుడా మెట్టే బిగుసుకుపోయి వేలిని కోసేస్తుంది. చేతికి కరిస్తే గాజులూ, ఉంగరాలూ అంతే. "పెద్దమ్మా, దేవుడి గూట్లో పసుపుకుంకాల దగ్గరే పెడదాం" అన్నాక మెత్తబడింది. కాలు కదలకుండా చెక్కబద్ద ఆనించి, గుడ్డ వదులుగా చుట్టి, వదినను ఒక్క అడుగు కూడా వేయనివ్వకుండా మంచంతోనే వీధిలోకి మోశారు. 108 రాగానే మార్కాపురం దారి పట్టాం.

ఆసుపత్రిలో కాస్త రక్తం తీసి గాజుగొట్టంలో పోసి, 20 నిమిషాలు కదపకుండా ఉంచారు. తర్వాత వంచి చూశారు, అచ్చం మనం పెరుగు తోడుకుందో లేదో గిన్నె వంచి చూసినట్టు! తోడుకోలేదు, నీళ్ళలా జారింది. విషం రక్తంలో పనిచేస్తోందన్నమాట. వెంటనే విరుగుడు మందు ఎక్కించారు. గుర్రాలకు కొంచెం కొంచెంగా విషమెక్కించి, వాటి రక్తం నుంచి తీసే మందట అది. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర నాలుగింటికీ అదొక్కటే. పామును చంపి సంచీలో మోసుకెళ్ళే పని లేదు. వదిన దక్కింది. వాపు తీశాక మంచిరోజు చూసి మెట్టెలు పెట్టింది అత్తగారే.

కట్లపాముతోనే వచ్చింది చిక్కు. రాత్రిపూట నేలమీద పడుకున్నవాళ్ళను కరుస్తుంది. నొప్పుండదు, వాపుండదు, ఒక్కోసారి కాటు గుర్తే కనబడదు. తెల్లవారుజామున కడుపునొప్పి, వాంతి, రెప్పలు వాలిపోవడం. మనం అజీర్తి అనుకుని వామునీళ్ళు కాచిస్తాం! కింద పడుకున్న మనిషి అలా లేస్తే పొయ్యి వెలిగించకండి, బండి పిలవండి. దోమతెర కట్టి అంచులు పరుపు కిందికి దోపుకుంటే దోమలే కాదు, అదీ లోపలికి రాలేదు.