లింక్ డాక్యుమెంట్లు

మన ఊళ్లో సెంటు స్థలం కొనాలన్నా ముందు లింక్ డాక్యుమెంట్లు అడుగుతాం. ఎవరి నుంచి ఎవరికి వచ్చింది, మధ్యలో ఎక్కడైనా గొలుసు తెగిందా అని ఆరా తీస్తాం. అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో, అట్లాంటాకు ఉత్తరాన ఉన్న ఫోర్సైత్ కౌంటీలో ఇల్లు కొనే తెలుగువాళ్లు మాత్రం అడిగేది స్కూలు రేటింగు. అదీ న్యాయమే, పిల్లల చదువు కోసమే కదా ఇంత దూరం వచ్చింది. 2020 జనాభా లెక్కల ప్రకారం రెండున్నర లక్షల మంది ఉన్న ఈ కౌంటీలో ఆరోవంతుకు పైగా ఆసియా మూలాలవాళ్లే, వారిలోనూ భారతీయులే ఎక్కువ. నల్లవాళ్లు నూటికి ఐదుగురు కూడా లేరు. నలభై మైళ్ల దూరంలోని అట్లాంటా నగరంలో దాదాపు సగం మంది వాళ్లే. ఎందుకింత తేడా అంటే, ఎవరి స్తోమతను బట్టి వాళ్లు కొనుక్కుంటారనే జవాబు వస్తుంది. అది సగం నిజం. మిగతా సగం లింక్ డాక్యుమెంట్లలో ఉంది.

1910లో ఈ కౌంటీలో 1,098 మంది నల్లవాళ్లు ఉండేవారు. 1912 సెప్టెంబరులో మే క్రో అనే తెల్లజాతి యువతిపై దాడి జరిగింది, ఆమె చనిపోయింది. రాబ్ ఎడ్వర్డ్స్ అనే నల్ల యువకుణ్ణి విచారణ లేకుండానే అల్లరిమూక కౌంటీ కేంద్రమైన కమ్మింగ్‌లోని జైల్లోంచి లాక్కొచ్చి చంపి, నడిబజారులో స్తంభానికి వేలాడదీసింది. మరో ఇద్దరు కుర్రాళ్లను హడావుడి విచారణ తర్వాత వేలమంది చూస్తుండగా ఉరితీశారు. తర్వాత రాత్రిపూట గుర్రాల మీద గుంపులు తిరిగాయి. చర్చిలు కాలాయి. కొద్ది నెలల్లోనే నల్లవాళ్లు దాదాపు అందరూ వెళ్లిపోయారు. 1985లో కారంచేడు దళితులు చీరాల చేరిన సంగతి ఎరిగిన మనకు, ప్రాణభయంతో ఊరు విడవడమంటే ఏమిటో విడమరచి చెప్పనక్కర్లేదు. జర్నలిస్టు ఎలియట్ జాస్పిన్ కౌంటీ రికార్డులు తిరగేసినప్పుడు, చాలా భూములకు నల్ల యజమాని అమ్మినట్టు కాగితమే దొరకలేదు. పక్కవాళ్లు పన్ను కట్టుకుంటూ పోయి, ఆ భూమిని సొంతం చేసుకున్నారు. గొలుసు తెగింది అక్కడ.

భూమి చేతులు మారితే అధికారమూ మారుతుంది. 1917 నుంచి 1962 దాకా జార్జియా ప్రైమరీ ఎన్నికల్లో గెలుపును తేల్చింది ఓట్ల లెక్క కాదు, కౌంటీలకు కేటాయించిన యూనిట్ల లెక్క. అట్లాంటా ఉన్న ఫుల్టన్ కౌంటీకి ఆరు యూనిట్లు, అతి చిన్న కౌంటీకి కూడా రెండు. అంటే నల్లవాళ్లను తరిమేసిన పల్లె కౌంటీలో ఒక ఓటు, వాళ్లు తలదాచుకున్న నగరంలో ఎన్నో ఓట్ల పెట్టు. 1963లో సుప్రీంకోర్టు ఈ పద్ధతి చెల్లదంది. అప్పటికే 1950లలో కట్టిన బ్యూఫర్డ్ డ్యామ్‌తో లేనియర్ సరస్సు వచ్చింది, ఆ తర్వాత జార్జియా 400 రహదారి వచ్చింది, భూమి బంగారమైంది. ఆ బంగారం 1912 తర్వాత మిగిలినవాళ్లదే. 1987 జనవరిలో జాతి వివక్షను నిరసిస్తూ కొద్దిమంది శాంతియాత్రకు వస్తే రాళ్లు పడ్డాయి, వారం తిరిగేసరికి వాళ్లకు మద్దతుగా ఇరవై వేల మంది కదిలొచ్చారు. 1990లో కౌంటీ జనాభా 44 వేలే. మనం వచ్చింది ఆ తర్వాత.

కాబట్టి ‘మేం ఎవర్నీ తరమలేదు’ అన్న మాట అక్షరాలా నిజం. కానీ మనల్ని రానిచ్చిన తలుపు ఎవరు తెరిచారు? భారతీయుడు తెల్లవాడు కాడు గనుక పౌరసత్వానికి అనర్హుడని 1923లో భగత్ సింగ్ థింద్ కేసులో సుప్రీంకోర్టే తీర్పు చెప్పింది. ఆసియావాళ్లకు అడ్డంకులు తొలగించిన వలస చట్టం 1965 అక్టోబరులో, ఓటు హక్కు చట్టం వచ్చిన రెండు నెలలకు వచ్చింది. నల్లవాళ్లు లాఠీదెబ్బలు తిని కదిలించిన కాలమే ఆ చట్టాన్నీ తెచ్చింది. ‘మేమూ చేతిలో ఏమీ లేకుండానే వచ్చి పైకొచ్చాం కదా’ అనేవాళ్లున్నారు. చేతిలో డబ్బు లేకపోవచ్చు, డిగ్రీ ఉంది. ఆ చట్టం నైపుణ్యానికి పీట వేసింది, జల్లెడ విమానం ఎక్కకముందే పట్టింది. జల్లెడలో నిలిచినవాళ్లను, భూమి పోగొట్టుకున్నవాళ్ల మనవలతో పోల్చడం లెక్క కాదు. 2022 ఫెడరల్ రిజర్వ్ సర్వేలో తెల్ల కుటుంబాల మధ్యస్థ ఆస్తి 2,85,000 డాలర్లు, నల్ల కుటుంబాలది 44,900. జీతం చదువుతో రావచ్చు, ఆస్తి మాత్రం ఎక్కువగా తాతల నుంచి దిగుతుంది.

అసలైన అభ్యంతరం మరొకటుంది: తాతల పాపం పిల్లల నెత్తిన రుద్దడమెందుకు? జాతి కారణంగా ఏ విద్యార్థికీ అపరాధ భావన కలిగించే బోధన ఉండరాదన్న చట్టం మీద 2022లో గవర్నర్ సంతకం చేసింది ఇదే కమ్మింగ్‌లో. పిల్లల్ని దోషులుగా నిలబెట్టకూడదన్న మాట ఒప్పుకోవలసిందే. చరిత్ర చెప్పొద్దని ఆ చట్టమూ అనలేదు. కానీ ఏ మాట ఎవరికి నొప్పి కలిగిస్తుందోనని జంకే టీచరు 1912 దగ్గర రెండు వాక్యాలతో సరిపెడితే తప్పెవరిది? అపరాధం వేరు, బాధ్యత వేరు. అప్పు చేసింది మనం కాకపోయినా, తాకట్టులో ఉన్న ఇల్లు కొన్నవాడు ఆ సంగతి తెలుసుకోవాలి. ఇక్కడ ఇల్లు కొనేటప్పుడు చేయించే టైటిల్ సెర్చ్ మామూలుగా కొన్ని దశాబ్దాల వెనక్కి వెళ్లి ఆగిపోతుంది. కొనుగోలుదారుకి అది చాలు. పౌరసత్వం వచ్చి, స్కూల్ బోర్డుకి, కౌంటీ కమిషన్‌కి ఓటేసే తెలుగువాడికి చాలదు. వాడు ఇంకాస్త వెనక్కి తిరగేయాలి, లింక్ డాక్యుమెంట్లు అడగడం మనకు కొత్తేమీ కాదు గనుక.