కిరాయి పుచ్చుకోని పడవ

మా ఊరి పేరులోనే సత్రం ఉంది. దొరవారిసత్రం వారికి అతిథి మర్యాదలు వేరుగా నేర్పనవసరం లేదని మేము నవ్వుతూ అనుకుంటుంటాము. మా మండలంలోని నేలపట్టు చెరువుకు ఏటా చలికాలంలో గూడబాతులు వచ్చి, నీటిలో నిలిచిన చెట్లపై గూళ్ళు కట్టుకుని, పిల్లలను పెంచుకుని వెళ్తాయి. గ్రామస్థులు వాటిని చుట్టాల వలె చూసుకుంటారు. ఆ పక్షుల రెట్టలు కలిసిన చెరువు నీరు పొలాలకు బలమని వారి అనుభవం. అంటే ఆ అతిథులు తాము ఉన్న చోట ఏదో ఒక మేలు వదిలి వెళ్తున్నాయన్నమాట. కిందటి శీతాకాలంలో ఒక రోజు నేనూ, మా అతిథులూ ఒక పేదవాని పడవలో ఏమి వదిలి వచ్చామో చెప్పుకోవడానికే ఈ నాలుగు మాటలు.

మదరసాలో నాతో చదువుకున్న మిత్రుడొకరు హైదరాబాదు నుండి సకుటుంబంగా మా ఇంటికి వచ్చారు. పులికాట్ సరస్సునూ, ఫ్లెమింగోలనూ చూడాలని పిల్లలు కోరారు. చిలికా తరువాత మన దేశంలో అంత పెద్ద ఉప్పునీటి సరస్సు ఇదే. సూళ్ళూరుపేట, తడ మీదుగా భీములవారిపాళెం రేవుకు చేరుకున్నాము. ఇరకం దీవికి పోయే పడవలు బయలుదేరేది అక్కడి నుండే. ఆ రేవులో నాకు తెలిసిన జాలరి ఒకడు ఉన్నాడు. కొన్నేళ్ళ క్రితం అతని కుమారునికి జ్వరం ముదిరినపుడు నేను ఆసుపత్రిలో రెండు రాత్రులు తోడుగా ఉన్నాను. ముందు రోజు ఫోను చేస్తే, "మన పడవ ఉండగా ఇంకోటి ఎందుకు సాయిబూ, రాండి" అన్నాడు.

తొమ్మిదింటికి వస్తామని చెప్పి మేము చేరినది పదకొండున్నరకు. అతడు పడవ కడిగి, చాప పరచి, తెరచాప సిద్ధం చేసుకుని కూర్చుని ఉన్నాడు. అనుకూలమైన గాలి అప్పటికే పడిపోయింది. కొంత దూరం తెరచాపతో, తక్కిన దూరం గడకర్రతో నెట్టుకుంటూ తిప్పి, మధ్యాహ్నానికి రేవుకు తెచ్చి కట్టాడు. పడవలోనే భోజనాలు కానిచ్చాము. అతని భార్య మా కోసం చేపలు వేయించి పంపింది. పిల్లలు వలపై పరుగులు తీసి రెండు చోట్ల చించారు. మేము నీటిలో జారవిడిచిన బిర్యానీ పొట్లాలను అతడే గడకర్రతో లాగి తీశాడు.

జుహర్ వేళ అయింది. పడవలో నమాజు కూర్చుని చేయవచ్చునా అని మిత్రుని కుమారుడు అడిగాడు. సాగిపోతున్న పడవలో కూర్చుని చేయడానికి ఇమామ్ అబూ హనీఫా (రహ్మతుల్లాహి అలైహి) అనుమతించారనీ, ఆయన ప్రధాన శిష్యులిద్దరూ తగిన కారణం ఉంటేనే అన్నారనీ, ఒడ్డుకు కట్టిన పడవలో మాత్రం నిలబడగలవాడు నిలబడే చేయాలనీ మేమిద్దరం వివరించాము. చర్చ అరగంట సాగింది. అంతసేపూ పడవవాడు మోకాలి లోతు నీటిలో, పడవ ఊగకుండా అంచు పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఆ సంగతి అప్పుడు మా ఇద్దరికీ తోచలేదు.

పిల్లలు మళ్ళీ పక్షులను చూస్తామన్నారు. ఆ రెండవ తిరుగుడు ముగిసేసరికి అసర్ దాటింది. కిరాయి ఇవ్వబోతే అతడు నా చేయి వెనక్కు నెట్టి, "చుట్టాల కాడ డబ్బులా?" అన్నాడు. నేనూ మరి బలవంతం చేయలేదు. నిజం చెప్పాలంటే, నా మాటకు ఇంత విలువ ఉందని మిత్రుని ముందు కొంత గర్వపడ్డాను.

కారు వద్దకు వెళ్తుండగా ఒక వృద్ధ జాలరి పలకరించాడు. "రాత్రి నుంచి రొయ్య బాగా పడతా ఉండాది సాయిబూ. అందరూ వేటకు పోయినారు. వాడు మాత్రం మీ కోసరం నిలబడిపోయినాడు" అన్నాడు. అతడు నిష్ఠురంగా అనలేదు. అయినా నా అడుగు ముందుకు పడలేదు.

దారి పొడవునా కహఫ్ సూరాలోని పడవ వృత్తాంతమే గుర్తుకు వచ్చింది. హజ్రత్ మూసా (అలైహిస్సలాం), హజ్రత్ ఖిజర్ (అలైహిస్సలాం) ఎక్కిన పడవ వారు వారి వద్ద కిరాయి పుచ్చుకోలేదని సహీహ్ బుఖారీ తెలుపుతోంది. ఖిజర్ ఆ పడవకు చిల్లు పెట్టినపుడు మూసా (అ) ఆక్షేపించింది కూడా ఆ మాటతోనే: ఊరకనే ఎక్కించుకున్న వారికి ఇదా ప్రతిఫలం అని. నిజానికి ఆ చిల్లు పడవను కాపాడటానికే. మంచి పడవలను లాక్కునే రాజు ఒకడు ముందున్నాడు. మేము పెట్టిన చిల్లుకు అటువంటి సాకు ఏదీ లేదు.

ఆ పడవ యజమానులను ఖుర్ఆన్ "మసాకీన్" అంటుంది. పడవ ఉండి కూడా మిస్కీన్ ఎలా అయ్యారన్నది ఫిఖహ్ పండితుల మధ్య ప్రసిద్ధమైన చర్చ. కొద్దోగొప్పో ఉండి చాలనివాడే మిస్కీన్ అని ఇమామ్ షాఫిఈ (రహ్మతుల్లాహి అలైహి) ఈ ఆయత్‌నే ఆధారం చేసుకున్నారు. మన హనఫీ పండితుల అభిప్రాయం వేరు. ఈ పాఠాన్ని నేను ఎన్నో ఏళ్ళుగా విద్యార్థులకు బోధిస్తున్నాను. పడవ ఉన్నా ఒక రోజు వేట తప్పితే ఆ ఇంట ఏమవుతుందన్నది మాత్రం ఆ సాయంత్రమే ఆలోచించాను.

అతిథిని గౌరవించమని దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) బోధించిన సంగతి మనందరికీ కంఠస్థమే. ఆతిథ్యమిచ్చిన వానిని ఇబ్బందుల పాలు చేసేదాకా అతని వద్ద ఉండిపోవడం తగదని కూడా ఆయనే హెచ్చరించారు. మొదటి మాట మనం ఇతరుల ఇంట గుర్తు చేసుకుంటాము, రెండవది మన ఇంట. ఈ క్రమం తారుమారు కావాలి. పేదవాడు "వద్దు" అన్నంత మాత్రాన మన బాకీ తీరదు. అది అతని ఔదార్యం. మన బాధ్యత మన మెడపైనే ఉంటుంది.

వారం తరువాత, మిత్రునితో మాట్లాడి, ఇద్దరం కలిపిన సొమ్ముతో ఒంటరిగా రేవుకు వెళ్ళాను. జరిగినది ఒప్పుకుని క్షమాపణ కోరాను. అతడు చాలాసేపు కాదన్నాడు. చివరకు చినిగిన వలకు దారం ఖరీదు మాత్రం పుచ్చుకుని, తక్కినది నా జేబులోనే పెట్టి, "ఈసారి పొద్దున్నే రాండి సాయిబూ, గాలి బాగుంటాది" అన్నాడు.

ఆ తక్కిన సొమ్ము ఇంకా నా వద్దనే ఉంది. జూన్‌లో అతని కుమారుడు కొత్త తరగతిలో చేరుతాడు. అప్పుడు పుస్తకాల రూపంలోనైనా అది చేరవలసిన చోటికి చేరేటట్లు అల్లాహ్ అనుగ్రహించుగాక. ఆమీన్.