గొంతు తీసివేసిన పాట

తెలుగు అధ్యాపకుడు రెగ్గే సంగీతమును గూర్చి వ్రాయుట చూచి మా విద్యార్థినీ విద్యార్థులు నవ్వుకొనవచ్చును. కళాశాల సంఘ పెద్దలు కొంత ఆశ్చర్యపడవచ్చును. ఛందస్సు, అలంకారములు చెప్పుకొని బ్రతుకు మాకు జమైకా ద్వీపపు పాటలతో పనియేమి? ఆ పని ఎట్లు కలిగినదో ముందుగా మనవి చేసి, మాకు నచ్చిన ఆల్బములను పరిచయము చేస్తాము.

రెండేండ్ల క్రిందట మా గొంతు పోయినది. పదేండ్లుగా రోజుకు నాలుగైదు తరగతులు, గది నిండ విద్యార్థులు, పైన ఫ్యాన్ల మోత. ఆ మోతను మించి కేకవేయుట మాకు అలవాటైనది. పద్యమును రాగయుక్తముగా చదువుట మా గర్వము. "ముస్లిం అయి ఉండి పోతన పద్యం ఎంత చక్కగా చదువుతారండీ" అని ఎవరైన అన్నప్పుడు, మాటలోని మొదటి సగమునకు నొచ్చుకొని రెండవ సగమునకు పొంగిపోయేవారము. ఒక ఉదయము పద్యము నడుమ గొంతు తెగినది. స్వరతంత్రులపై చిన్న బొడిపెలు లేచినవనియు, రెండు నెలలు మాటాడరాదనియు వైద్యులు చెప్పినారు. గుసగుసలు కూడ పనికిరావట. మాట అమ్ముకొని బ్రతుకువానికి మాట లేకపోయినచో ఏమి మిగులును? ఆ ప్రశ్నతో మాకు చాల రాత్రులు నిద్ర పట్టలేదు.

ఆ దినములలో మా పూర్వవిద్యార్థి ఒకడు చూడవచ్చినాడు. వాని తండ్రికి మైకుసెట్టు దుకాణము కలదు. పెండ్లిండ్లకు, ఉరుసులకు అద్దెకిస్తారు. మేము కాగితముపై వ్రాసి చూపగా వాడు బదులు చెప్పుచుండెను. కొంతసేపటికి తన ఫోను, ఇయర్‌ఫోన్లు మా చేతికిచ్చి, "సార్, ఇందులో పాడేవాడి గొంతు తీసేశారు. అయినా పాట ఉంది. వినండి" అన్నాడు.

వాడు వినిపించినది 1976లో వెలువడిన "గార్వీస్ ఘోస్ట్". దానికంటె ముందు 1975 నాటి "మార్కస్ గార్వీ"ని వినవలెను. ఈ రెండును బర్నింగ్ స్పియర్ అను బృందమువారివి. బృంద నాయకుడు విన్‌స్టన్ రాడ్నీ. నల్లజాతివారి ఆత్మగౌరవమునకై పాటుపడిన మార్కస్ గార్వీ 1887లో జన్మించిన సెయింట్ ఆన్స్ బే పట్టణమే రాడ్నీకిని స్వస్థలము. మొదటి ఆల్బములో రాడ్నీ పూర్వుల బానిసత్వమును మరువరాదని జాతిని హెచ్చరించును. రెండవదానిలో ఆ పాటలే ఉన్నవి గాని గొంతు చాలవరకు తొలగినది. ఎక్కడనో ఒక ముక్క ప్రతిధ్వనిగా వచ్చి మాయమగును. మిగిలినవి డ్రమ్ములు, బేస్ గిటారు, బూరలు. ప్రక్కన కూర్చుండి విన్న మా అమ్మీ "బేటా, పాడేవాడేడీ?" అని అడిగినది. మేము బదులు చెప్పలేక నవ్వినాము. మంచము పట్టిన తరువాత అదే మొదటి నవ్వు.

ఇట్లు పాటను విప్పి మరల కూర్చు పద్ధతికి డబ్ అని పేరు. రెగ్గే 1960ల చివర జమైకాలో రూపొందినది. 2018లో యునెస్కో దానిని మానవజాతి సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చినది. అదే కాలమున స్పానిష్ టౌన్‌లో రడ్డీ రెడ్‌వుడ్ అను సౌండ్ సిస్టమ్ యజమాని ఉండెను. సౌండ్ సిస్టమ్ అనగా మన మైకుసెట్టు వంటిదే. ఆరుబయట పెద్ద పెద్ద స్పీకరు పెట్టెలు నిలిపి, రికార్డులు వేసి జనమును ఆడింతురు. ఒకనాడు ఆయన కొరకు స్టూడియోలో రికార్డు తయారుచేయునపుడు గాయకుని గొంతు అందులో పడలేదు. ఆయన ఆ రాత్రి ముందు గొంతు ఉన్న పాటను, వెంటనే గొంతు లేని దానిని వేసినాడు. అప్పుడు జనము తామే ఆ పాటను పాడినారని చెప్పుదురు. ఈ ముచ్చటను మా విద్యార్థి చెప్పిన నాటినుండి అది మమ్ము విడువలేదు.

ఈ విద్యకు గురుపీఠము కింగ్ టబ్బీది. ఆయన అసలు పేరు ఆస్‌బోర్న్ రడ్డాక్. 1941లో జన్మించిన ఆయన రేడియోలు బాగుచేయుచు, ట్రాన్స్‌ఫార్మర్లు చుట్టుచు జీవించిన కార్మికుడు. కింగ్‌స్టన్ నగరపు వాటర్‌హౌస్ పేటలో తల్లి ఇంటిలోనే చిన్న స్టూడియో పెట్టుకొనెను. గాయకులు, వాద్యకారులు టేపుమీద వేరు వేరు వరుసలలో నింపి తెచ్చిన శబ్దములను ఒక్కొక్కటిగా తగ్గించుచు, హెచ్చించుచు, ప్రతిధ్వని చేర్చుచు ఆయన క్రొత్త పాట చేసేవాడు. 1976 నాటి "కింగ్ టబ్బీస్ మీట్స్ రాకర్స్ అప్‌టౌన్" అందుకు ఉత్తమోదాహరణము. అందులో ఆగస్టస్ పాబ్లో, పిల్లలు బడిలో నేర్చుకొను మెలోడికాను ఊదినాడు. జేకబ్ మిల్లర్ పాడిన ప్రేమగీతము అందలి ప్రధాన రచనకు ఆధారము. మాట వచ్చినట్లే వచ్చి తెగిపోవును. తెగిన చోట వినువాని మనస్సు దానిని పూరించును. ఇంతటి శిల్పిని 1989లో ఆయన ఇంటి ముందరనే ఎవరో కాల్చి చంపినారు.

మూడవది 1977 నాటి "హార్ట్ ఆఫ్ ది కాంగోస్". లీ పెర్రీ తన ఇంటి పెరటిలో కట్టుకొన్న బ్లాక్ ఆర్క్ స్టూడియోలో, నాలుగు వరుసల చిన్న టేపు యంత్రముపై దీనిని నిర్మించినాడు. సన్నని గొంతులు నీటి అడుగునుండి పైకి తేలుచున్నట్లుండును. మన ప్రయోగశాలలో సామగ్రి చాలదని నిరుత్సాహపడు విద్యార్థులు దీనిని తప్పక వినవలెను.

గొంతు ఉన్న పాటయే ముందు కావలెననువారు బాబ్ మార్లే "ఎక్సోడస్"తో ఆరంభించవచ్చును. 1976 డిసెంబరులో ఇంటిలోనే తుపాకి గాయములు పొంది, దేశము విడిచి లండన్ చేరిన పిమ్మట ఆయన చేసిన ఆల్బమిది, 1977లో వచ్చినది. ఈ గాయకులలో పెక్కురు రాస్తఫారీ మతస్థులు. వారి విశ్వాసము వారిది. వారిలో కొందరికి ఆచారమైన గంజాయిని అనుకరించుటకు మాత్రము ఈ వ్యాసము అనుమతి కాదని మనవి.

సాహిత్య విద్యార్థులకు లింటన్ క్వెసీ జాన్సన్‌ను ప్రత్యేకముగా చెప్పుచున్నాము. 1952లో జమైకాలో పుట్టి, 1963లో లండన్ చేరిన ఈ కవి అచ్చటి నల్లజాతి యువకుల కష్టములను తన ఇంటి పలుకుబడిలోనే, పలికినట్లే వ్రాసినాడు. గిడుగు రామమూర్తి పంతులు గారి వాదము చదివిన మనకు ఆ పట్టుదల క్రొత్త కాదు. 1980లో ఆయనవి "బేస్ కల్చర్", "ఎల్.కె.జె. ఇన్ డబ్" రెండును వచ్చినవి. మొదటిది కవిత్వముతో, రెండవది చాలవరకు అది లేకుండ. రెంటిని వరుసగా విన్నచో కవిత్వపు నడక ఎంతవరకు మాటలో ఉన్నదో, ఎంతవరకు మాట వెనుక ఉన్నదో తెలియును.

రెండు నెలల పిమ్మట, గంటలో పదినిమిషములకు మించి మాటాడరాదను కట్టుబాటుతో తరగతికి వచ్చినాము. ఆనాటి పాఠము జాషువ గారి "గబ్బిలము". మేము చదువలేక పుస్తకమును ముందు బల్లకు అందించినాము. అది చేతులు మారి చివరి బల్లకు చేరినది. రెండేండ్లలో ఒక్కమారైనను నోరు విప్పని విద్యార్థిని ఒకతె లేచి పద్యము చదివినది. సంధుల దగ్గర తడబడినది, ప్రక్కవారు సరిదిద్దినారు. అర్థము వారే తర్కించుకొన్నారు. ఇన్నాళ్లు ఆ గొంతులను కప్పివేసినది ఫ్యాన్ల మోత కాదు, మా గొంతే. రెడ్‌వుడ్ ముచ్చట మాకు అప్పుడు గుర్తునకు వచ్చినది.

మా గొంతు మునుపటివలె రాలేదు. రాగము పలుకదు, ఇక పలుకదనియే వైద్యుల మాట. ఆ బాధ లేదనుట అబద్ధము. అయినను తరగతిలో ఇప్పుడు పద్యము వినబడుచునే ఉన్నది.

విద్యార్థులారా! ఈ ఆల్బములను తీరికగా, బేస్ గిటారు తెలియునట్లు మంచి స్పీకరులో వినండి. నచ్చినచో మైకుసెట్టు దుకాణములోని మీ అన్నకు కృతజ్ఞత చెప్పండి. నచ్చనిచో వచ్చి మాతో వాదించండి. మునుపటికంటె ఇప్పుడు మేము బాగుగా వింటాము.