చెప్పినట్టు వినే బ్యాటు

ఆటసామాను దుకాణంలో బ్యాటు చేతికి రాగానే పిల్లలు దాన్ని గాలిలో బలంగా ఒకసారి ఊపుతారు. "అబ్బ! దీంతో కొడితే బంతి ఎక్కడికో పోతుంది!" అంటారు. బంతి ఎంత దూరం పోతుందో ఊహించటం తేలికే. మనం అనుకున్న చోట పడుతుందా లేదా అన్నది మాత్రం అలా ఊపితే తెలియదు. అది తెలుసుకునే ఉపాయాలు కొన్ని ఉన్నవి. వాటిని ఈ మధ్యనే ఒక అమ్మాయితో కలిసి ప్రయత్నించి చూశాను.

నేను చాలా ఏళ్లు నల్లగొండ జిల్లా బడులలో సైన్సు చెప్పి, ఇప్పుడు దేవరకొండ దగ్గరి మా ఊళ్లో ఉంటున్నాను. మా వాడకట్టులో ఒక పిల్ల ఉన్నది. అప్పుడు తొమ్మిదో తరగతి చదువుతున్నది. బాల్ బ్యాడ్మింటన్ జట్టులో వెనక వరసలో ఆమెకు చోటు దొరికింది. కాని బడిలో బ్యాట్లు నాలుగైదే. పెద్దపిల్లలు తీసుకోగా మిగిలినదే ఈమెకు వచ్చేది. దానితో ఆడిన ప్రతి రాత్రీ మోచెయ్యి గుంజుతున్నదని ఏడ్చేది. ఇట్లాగే ఉంటే ఆట మాన్పించాలని వాళ్ల నాయన అనటం మొదలుపెట్టాడు. అప్పుడు వాళ్లమ్మ పత్తి ఏరిన కూలిలోంచి కొంత డబ్బు పక్కకు తీసి నా దగ్గరికి వచ్చింది.

"ఒక్కటే కొంటం సారూ. పదో తరగతి అయిందాక అదే ఉండాలె. జర మీరే చూసి ఇప్పియ్యండి," అన్నది.

ఈ ఆట చూడని పిల్లల కోసం రెండు మాటలు చెబుతాను. బాల్ బ్యాడ్మింటన్ పసుపుపచ్చని ఊలు బంతితో ఆడతారు. బంతి బరువు 27 నుంచి 30 గ్రాములు. షటిల్ కాక్ బరువు సుమారు 5 గ్రాములే. టెన్నిస్ బంతి దాదాపు 57 గ్రాములుంటుంది. అంటే ఊలు బంతి ఈ రెంటికీ నడుమ ఉన్నదన్న మాట. ఆటస్థలం 24 మీటర్ల పొడవు, 12 మీటర్ల వెడల్పు. ఒక్కొక్క వైపున ఐదుగురు ఆడతారు. బంతి నేల తాకకముందే తిరిగి కొట్టాలి. మా నల్లగొండ, పాలమూరు మెట్టప్రాంతాల మైదానాలలో గాలికి అడ్డు ఉండదు. షటిల్ కాక్ ఇక్కడ ఆరుబయట నిలవదు. ఊలు బంతి నిలుస్తుంది. పైకప్పున్న పెద్ద హాలు అక్కరలేదు కాబట్టి పల్లెటూరి బడికి ఇది బాగా కుదిరిన ఆట.

ఈ ఆటకు దేశంలో 1954లో ఫెడరేషన్ ఏర్పడింది. మొదటి జాతీయ పోటీలు 1956లో మన హైదరాబాదులోనే జరిగాయి. ఈ ఆటలో తొలి అర్జున అవార్డు 1970లో జమ్మలమడక పిచ్చయ్యగారికి వచ్చింది. ఆయన మా పొరుగునే ఉన్న వరంగల్లులో నివసించి, నూరేళ్లు దాటి బతికి, 2021లో కన్నుమూశారు.

సరే, మేము ముగ్గురం నల్లగొండకు వెళ్లాము. గడియారం సెంటరు దగ్గర ఒక దుకాణంలో రెండు బ్యాట్లు మా డబ్బుకు సరిపోయేవి దొరికాయి. పిల్ల ఒకటి ఊపి, తర్వాత రెండవది ఊపింది.

"ఇది బరువున్నది తాతా. దీంతోని కొడితే బంతి మస్తు దూరం పోతది. ఇదే తీసుకుందాం," అన్నది.

పక్కన కిరాణా దుకాణంలో కాంటా ఉన్నది. దాని మీద రెండు బ్యాట్లనూ ఒకదాని తర్వాత ఒకటి పెట్టించాను. రెండూ 178 గ్రాములే తూగాయి! పిల్ల నమ్మలేదు. మళ్లీ తూయించింది. మళ్లీ అంతే.

బరువు ఒకటే అయినప్పుడు ఒకటి చేతికి ఎందుకు బరువనిపించింది? చూపుడువేలు అడ్డంగా చాచి, ఒక్కొక్క బ్యాటునూ దాని మీద తక్కెడకోల లాగా నిలబెట్టమన్నాను. ఒక బ్యాటు దాదాపు నడిమిలోనే నిలిచింది. పిల్ల మెచ్చుకున్న బ్యాటు మాత్రం నిలవలేదు. వేలును తలవైపు రెండంగుళాలు జరిపితే గాని కుదురుకోలేదు. అంటే దాని బరువులో ఎక్కువ భాగం తలలో ఉన్నది.

మీ ఇంట్లో రోకలి ఉంటే ఈ సంగతి చూడవచ్చు. రోకలిని నడిమిలో పట్టుకొని కుడికీ ఎడమకూ తిప్పండి. తర్వాత ఒక చివర పట్టుకొని అలాగే తిప్పండి. రోకలి మారలేదు, బరువు పెరగలేదు. కాని రెండవసారి చెయ్యి ఎంత కష్టపడిందో! బరువు చేతికి దూరమైనకొద్దీ దాన్ని ఊపటమూ కష్టమే, ఊపిన తర్వాత ఆపటమూ కష్టమే. దూరం రెండింతలైతే ఆ కష్టం నాలుగింతలవుతుంది. దూరం మూడింతలైతే తొమ్మిదింతలు.

ఇంతకూ ఏది కొనాలి? తల బరువున్న బ్యాటు బంతిని గట్టిగా తంతుంది, నిజమే. తల తేలికైనది చేతి మాట త్వరగా వింటుంది. ఈ పిల్లకు ఏది మంచిదో మాటలతో తేల్చటం నాకు ఇష్టం లేకపోయింది. "రెండు రోజులలో వస్తాము," అని దుకాణదారుకు చెప్పి ఊరికి తిరిగి వచ్చాము.

మర్నాడు సాయంత్రం బడి మైదానంలో పరీక్ష పెట్టాము. బడి బ్యాట్లలో తేలికపాటిది ఒకటి తీసుకున్నాము. పది రూపాయల నాణేలు రెండు తెచ్చాను. రెండూ కలిపి 15 గ్రాముల పైచిలుకు ఉంటాయి. మొదట వాటిని బ్యాటు తల చట్రానికి రెండు పక్కలా టేపుతో అంటించాము. పిడి చివరి నుంచి అది సుమారు 60 సెంటీమీటర్ల దూరం. తర్వాత వాటినే ఊడదీసి, చేతికి కాస్త పైన, 20 సెంటీమీటర్ల దూరంలో అంటించాము. బ్యాటు అదే, అల్లిక అదే, బంతి అదే, మొత్తం బరువు అదే. మారినది నాణేల చోటు ఒక్కటే. పరీక్ష ఏదైనా ఇలా ఒక్కటే మార్చి చూడాలి. నాలుగు మార్చితే ఫలితం దేనివల్ల వచ్చిందో చెప్పలేము.

ఆటస్థలం వెనక మూలలో ముగ్గుపిండితో రెండు బారల వెడల్పున గుండ్రటి గీత గీశాము. ఆమె స్నేహితురాలు బంతి వేస్తుంటే పిల్ల ఆ గీతలోకి కొట్టాలి. ఒక్కొక్క విధంగా ఇరవై బంతులు. వరసగా ఇరవై కొడితే చివరకు చెయ్యి అలసిపోతుంది గదా! అందుచేత ఐదేసి బంతులకు ఒకసారి నాణేల చోటు మార్చాము. వాళ్లమ్మ మెట్ల మీద కూచుని నోటుబుక్కులో గీతలు పెట్టింది.

నాణేలు తలలో ఉన్నప్పుడు ఇరవైలో ఏడు గీతలోపల పడ్డాయి. చేతి దగ్గర ఉన్నప్పుడు పన్నెండు పడ్డాయి. తల బరువుతో కొట్టిన బంతులు జోరుగా పోయిన మాట నిజమే. కాని వాటిలో ఐదు ఆటస్థలం దాటి బయట పడ్డాయి.

పిల్ల లెక్క చూసి కొంచెంసేపు మాట్లాడలేదు. తర్వాత, "బయట పడ్డదెంత జోరుగ పోతేంది తాతా, పాయింటు వాళ్లకే గద!" అన్నది.

స్నేహితురాలూ అదే పరీక్ష చేసింది. ఆమె పొడగరి, చెయ్యి బలమైనది, ముందు వరసలో నిలబడి పైనుంచి బంతిని దించి కొట్టే పిల్ల. రెండు విధాలా ఆమెకు లెక్క ఇంచుమించు సమానంగా వచ్చింది. ఆమె తల బరువున్న బ్యాటే కొనుక్కోవచ్చు. ఒకరికి కుదిరిన బ్యాటు ఇంకొకరికి కుదరాలని లేదు.

దూరదేశాల ఆటలలోనూ ఇదే సూత్రం. మెక్సికోలోని అకపుల్కోలో 1969లో ఎన్రికె కోర్కుఎరా అనే ఆయన తన ఇంటి దగ్గర గోడల నడుమ ఆడేందుకు ఒక ఆట కల్పించాడు. దాని పేరు పాడెల్. ఇప్పుడు హైదరాబాదులో కూడా ఆడుతున్నారు. పాడెల్ బ్యాటుకు అల్లిక ఉండదు. లోపల మెత్తని నురుగు రబ్బరు, పైన రంధ్రాలున్న గట్టి పలక. పలక గుండ్రంగా ఉంటే బరువు చేతివైపు ఉంటుంది. బంతి నడిమికి కాస్త పక్కగా తగిలినా దారి అంతగా తప్పదు. వజ్రం ఆకారంలో ఉంటే బరువు తలవైపు పోయి దెబ్బ బలంగా ఉంటుంది. కొత్తగా నేర్చుకునేవారు గుండ్రనిదే తీసుకోవటం మేలంటారు.

మూడోనాడు నల్లగొండకు వెళ్లి, నడిమిలో తూగిన బ్యాటునే కొన్నాము. దుకాణదారు గట్టింగ్ ఎంత బిగువుగా వేయాలని అడిగాడు. నులక వదులైన మంచం మీద పిల్లలు ఎగిరితే అది వాళ్లను పైకి విసురుతుంది. బిగించి అల్లిన మంచం అంతగా విసరదు. గట్టింగూ అంతే. వదులుగా ఉంటే బంతిని తానే విసురుతుంది గాని, ఎటు విసిరేదీ కచ్చితంగా చెప్పలేము. బిగువుగా ఉంటే మన బలం కొంచెం ఎక్కువ పెట్టాలి. దిక్కు మాత్రం తప్పదు. మరీ బిగిస్తే దెబ్బ అదురు మోచేతికి ఎక్కుతుంది. ఈ పిల్ల మోచెయ్యి గుర్తుంచుకొని, మధ్యరకం బిగువు వేయించాము.

ఆషాఢమాసంలో కల్వకుర్తి వైపు నుంచి ఒక జట్టు మా ఊరికి ఆడటానికి వచ్చింది. ఆరోజు పడమటి గాలి విపరీతంగా వీచింది. మా పిల్లలు మూడో ఆట దాకా పోరాడి ఓడిపోయారు. అయినా ఆ పిల్ల చేతి నుంచి బయటికి పోయిన బంతులు మూడే మూడు. వాటిని ఆమే లెక్కపెట్టుకున్నది. మోచెయ్యి గుంజటం లేదని వాళ్లమ్మ చెప్పింది. ఆట మాన్పించే మాట వాళ్ల నాయన మళ్లీ ఎత్తలేదు.

తల్లిదండ్రులకు ఒక మనవి. పెరిగే పిల్లలని చొక్కా ఒక అంగుళం వదులుగా కుట్టిస్తాము. చెప్పులు కాస్త పెద్దవి కొంటాము. బ్యాటును అలా కొనకండి. ఈనాటి చేతికి పెద్దదైన బ్యాటు ఈనాటి చేతినే నొప్పిస్తుంది. పిడి పట్టుకున్నప్పుడు వేళ్ల కొసలకూ అరచేతికీ మధ్య రెండో చేతి వేలు ఒకటి పట్టేంత సందు ఉండాలి. చెయ్యి చాచి బ్యాటును నేలకు సమంగా పట్టుకుంటే, ముప్పై అంకెలు లెక్కపెట్టేలోగా వణకకూడదు.

పిల్లలూ! మీ బడిలో ఏ బ్యాటు ఉన్నా సరే, రెండు నాణేలూ కొంచెం టేపూ తీసుకొని ఈ పరీక్ష చేయండి. లెక్క నోటుబుక్కులో రాసి పెట్టుకోండి. రేపు దుకాణానికి వెళ్లినప్పుడు ఆ నోటుబుక్కు వెంట తీసుకుపోవటం మరచిపోకండి.